గడపకు అవతల పడవ

కాన్వాసు గుడ్డ తేవడానికి జనార్దనయ్య గురువారం తెల్లవారి మొదటి బస్సుకు నెల్లూరు వెళ్లాడు. ఆయన వెళ్లిన గంటకు చెరువు కింది పల్లె నుంచి చేపలు పట్టే రోశమ్మ వచ్చింది. పెరటి కొట్టం గడప దగ్గర గొంతుక్కూర్చుని, కొంగుముడి విప్పి, రెండు కొయ్యముక్కలు పక్కపక్కన పెట్టింది. నిన్నటిదాకా అవి రెండూ కలిసి ఒకటే ముక్క. బావి దగ్గర నీళ్లు తోడుతున్న ఆయన భార్య పెంచలమ్మ చేతిలో చేద చేతిలోనే ఉండిపోయింది. పోయిన వారం అక్కడిదాకా చెప్పుకున్నాం.

ఆత్మకూరులో బస్సులు ఆగే చోటికి నాలుగిళ్ల అవతల, వడ్రంగి జనార్దనయ్య పెరటి కొట్టంలో ఆరు నెలలుగా ఒక పడవ తయారవుతోంది. తాటిబోదెల తెప్పలాగా నలుగురు మోయవలసింది కాదు. బొటనవేలు వెడల్పున, పావంగుళం మందాన కోసిన గుమ్మడిటేకు బద్దలను అచ్చుల మీద వంచి, ఒకదాని అంచుకొకటి అతికించి కట్టే పడవ. యుద్ధం రోజుల్లో మద్రాసు రేవులో పనిచేసినప్పుడు ఆయన ఒక దొరగారి పడవను, ఇట్లాంటిదాన్నే, బాగుచేశాడు. అప్పటినుంచి అది ఆయన కళ్లలో ఉండిపోయింది. పల్లెవాళ్లు ఒక చెరువు ఎండితే ఇంకో చెరువుకు పోయి చేపలు పట్టుకోవాలి. ఒక మనిషి భుజాన వేసుకుని నడవగల పడవ ఉంటే వాళ్ల బతుకు తేలికవుతుందని ఆయన నమ్మకం. సోమవారం మత్స్యశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి చెరువులో దాన్ని పరీక్ష చేస్తాడు. నచ్చితే పల్లె సంఘానికి ఆరు పడవలు చేసే పని ఈ కొట్టానికే వస్తుంది. నచ్చకపోతే, బస్సుల దగ్గర కాఫీ హోటలువాళ్లు పెట్టిన 'పడవాచారి' అన్న పేరు ఆయన ఉన్నన్నాళ్లూ వదలదు.

ఆ కొట్టంలో పెంచలమ్మ ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. పనిముట్లకు పసుపూ కుంకుమా పెట్టి మొక్కే ఇల్లు అది. ఇంటి ఆడవాళ్లు ఆ గడప దాటకూడదని అత్తగారు కోటమ్మ కట్టడి. ఆమె పోయి మూడేళ్లయినా కట్టడి పోలేదు. పైవాళ్లకు మాత్రం అడ్డు లేదు. నాగలి చెక్కించుకునేవాడు లోపలికి వస్తాడు. తలుపు చేయించుకునేవాడు వస్తాడు. రోశమ్మ వస్తుంది. వచ్చి, దుంగ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, పడవ పొట్ట మీద అరచెయ్యి ఆనించి, ఇక్కడ ఎక్కువైంది, ఇక్కడ చాలలేదు అని చెబుతుంది. పెంచలమ్మ మజ్జిగ చెంబు గడప మీద పెట్టి వెనక్కి తిరగాలి.

రోశమ్మ పడుచుది కాదు. నలభై అయిదు దాటిన మనిషి, ఎండకు కమిలిన మొహం, ముందరి పన్ను ఒకటి లేదు. జనార్దనయ్య ఆమెను అక్కా అంటాడు. అదే పెంచలమ్మకు ఊపిరాడనివ్వలేదు. మొగుడు ఒక పడుచుదాని వెంట పడి ఉంటే పుట్టింటికి పోయి ఏడవవచ్చు. ఇరుగూ పొరుగూ వచ్చి కూర్చుని జాలిపడతారు. దీనికి ఏమని ఏడవాలి? పడవ ముక్కు ఎంత లేవాలని నా మొగుడు చేపలామెను అడుగుతున్నాడు అనా? పుట్టింట్లో అమ్మ నవ్వుతుంది. అందుకే పెంచలమ్మ ఎవరితోనూ చెప్పలేదు. లోపల లోపలే మరగబెట్టుకుంది.

మంగళవారం పొద్దున ఆమె చేసిన పని ఆ మరుగులోంచి వచ్చిందే.

బద్దలను జనార్దనయ్య వడ్రంగులందరూ వాడే వజ్రంతో, అంటే తోళ్లూ ఎముకలూ ఉడకబెట్టి తీసే బంకతో అతికించాడు. ఆ బంక నీళ్లకు ఆగుతుందా అన్న అనుమానం ఆయనకూ ఉంది. పైన గుగ్గిలం నూనెలో కాచి దట్టంగా పట్టిస్తే లోపలికి నీళ్లు పోనే పోవని రోశమ్మ చెప్పింది. చూద్దామని ఆయన రెండు నమూనాలు చేశాడు. రెండేసి బద్దముక్కలు కలిపి అతికించి, గుగ్గిలం పూసి, ఆదివారం నాడు ఒకదాన్ని బావి దగ్గరి గోలెంలో వేశాడు, రెండోదాన్ని ఇంటి కిటికీలో పెట్టాడు. మంగళవారం పొద్దున నీళ్లకు వెళ్లిన పెంచలమ్మకు గోలెంలో రెండు ముక్కలు విడివిడిగా తేలుతూ కనిపించాయి.

అప్పుడే ఆయన్ను పిలిచి ఉండవలసింది. పిలవబోయింది కూడా. సరిగ్గా అప్పుడు కొట్టంలోంచి నవ్వు వినబడింది. పడవ పొట్ట ఇన్‌స్పెక్టరు పొట్టతో సమానంగా ఉంటే ఆయన సులువుగా ఒప్పుకుంటాడని రోశమ్మ అన్నది. జనార్దనయ్య తల వెనక్కి వేసి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. అట్లాంటి నవ్వు ఆ మనిషిలో ఉందని పెంచలమ్మకు తెలియదు. ఆమె ఆ రెండు ముక్కలనూ కొంగులో చుట్టి తీసుకుపోయి పొయ్యిలో పెట్టింది. కిటికీలో ఉన్న నమూనాను తెచ్చి గోలెంలో వేసింది. ఆయన వచ్చి తీసి చూసి, అతుకు రాయిలాగా ఉందని మురిసిపోయి, కిటికీ వైపు చూడనైనా చూడకుండా, పల్లెలో అందరికీ చూపించమని దాన్ని రోశమ్మ చేతికే ఇచ్చాడు. బుధవారమంతా కూర్చుని, బద్దలను అచ్చులకు పట్టి ఉంచిన చిన్న మేకులన్నీ పీకేశాడు. ఇప్పుడు పడవను పట్టుకుని ఉన్నది ఆ బంక ఒక్కటే.

తరవాత ఏమవుతుందో పెంచలమ్మ ఎక్కువ ఆలోచించలేదు. సోమవారం నాడు ఊరందరి ముందర పడవ విడిపోవాలి, దానితోపాటు రోశమ్మ తెలివి కూడా విడిపోవాలి. ఆమెకు కావలసింది అంతే.

"నీ గోలెంలో రెండు దినాలు నాని చెక్కుచెదరలా. నిన్న రేత్రి నా కుండలో వేసినా, తెల్లారేసరికి ఇడిపోయింది. నా కుండలో నీళ్లు వేరేనా పెంచలమ్మా?"

గడప దగ్గర కూర్చున్న రోశమ్మ గొంతు పెంచలేదు. పెంచలమ్మ చేదను కిందపెట్టి, నువ్వే లాగి ఉంటావు పొమ్మన్నది.

"గుగ్గిలం మాట చెప్పిందే నేను. నా మాట తప్పని నేనే లాగి చూపించుకొని ఏం బాగుపడతా?"

గోలెంలో మొదట వేసిన ముక్క ఏం చేశావని రోశమ్మ అడిగితే, పొయ్యిలో పెట్టానని పెంచలమ్మ చెప్పేసింది. చెప్పాక గుండె తేలికవుతుందనుకుంది గానీ కాలేదు. ఎందుకు పెట్టావని అడగనే లేదు రోశమ్మ. ఆ అడగకపోవడం చూసి పెంచలమ్మకు ఇంకా మండింది.

"నిన్ను అడగతాడు," అన్నది పెంచలమ్మ. "పొట్ట ఎంత ఉండాలో నిన్ను అడగతాడు, కింద బద్ద ఎట్టా వంచాలో నిన్ను అడగతాడు. నేను ఈ ఇంటికొచ్చి ఎనిమిదేండ్లు. కూరలో ఉప్పు చాలిందా అని కూడా నేనే అడగాల."

"అయితే నీ కోపం నా మీద. పడవలో కూర్చునేది నేననుకుంటివా?"

"నువ్వు గాక ఎవురు? చెరువు నీది గదా."

రోశమ్మ లేచి నిలబడి చీర దులుపుకుంది. ఇన్‌స్పెక్టరు ముందర మొదట తానే కూర్చుంటానని జనార్దనయ్య పట్టుబట్టాడట. కట్టినవాడు కూర్చోని పడవను ఎవరు నమ్ముతారన్నాడట. రోశమ్మ వద్దని మూడుసార్లు చెప్పిందట.

"ఈతరాని మనిషికి ఆ పంతమెందుకని చెప్పినా. ఇన్లా."

"ఈతరాదా?"

ఆ మాట నోట్లోంచి జారాక గాని తాను ఏం ఒప్పుకుందో పెంచలమ్మకు తెలియలేదు. రోశమ్మ కళ్లు చిన్నవి చేసి చూసింది.

"నీకు తెలీదా?"

చిన్నతనంలో ఆయన మోటబావిలో పడి, చివరి ఘడియలో పైకి వచ్చాడట. నీళ్లు మోకాళ్లు దాటితే ఇప్పటికీ ఆయనకు ఊపిరి అందదట. మద్రాసు రేవులో కూడా గట్టు మీదే పనిచేశాడట. రోశమ్మ ఇదంతా చెబుతూ ఉంటే పెంచలమ్మకు ఎనిమిదేళ్ల సంగతులు ఒక్కొక్కటే కొత్తగా కనబడ్డాయి. కార్తీక స్నానానికి ఊరంతా చెరువుకు పోతే ఈయన బావి దగ్గర నాలుగు చెంబులు పోసుకునేవాడు. అది పొగరనుకుంది తను. పోయిన ఏడు పెన్న దాటవలసి వచ్చి పెళ్లికి రానంటే, తన పుట్టింటివాళ్ల పెళ్లి కాబట్టి రాలేదనుకుంది.

భయం వేసింది. మంట కూడా వేసింది. ఏది ముందు వచ్చిందని ఆమెను ఒట్టు వేయించి అడిగితే, మంటే ముందు వచ్చిందని చెప్పవలసి వచ్చేది. మొగుడు నీళ్లలో మునుగుతాడన్న దానికన్నా ఒక్క అడుగు ముందే, మొగుడి భయం పక్క మనిషికి తెలిసి తనకు తెలియదన్నది వచ్చి నిలబడింది.

రోశమ్మ మాత్రం పని మాటకు వచ్చింది. రేపు ఆయన నెల్లూరు నుంచి రాగానే అతుకు నిలవదని చెబుతానన్నది.

"నా కుండలో ఇడిపోయిందంటా. నీ పేరు రానీను."

"చెప్పి? ఆ పైన ఏం చేస్తాడు?"

"అది నాకు తెలీదు," అన్నది రోశమ్మ. "నీళ్లకు ఆగే బంక ఏదో నాకు తెలీదు. ఇన్‌స్పెక్టరును వెనక్కి పొమ్మనాల్సిందే."

రోశమ్మకు తెలియనిది ఒకటి ఉంది. ఇంత భయంలోనూ పెంచలమ్మకు కడుపులో చల్లగా తగిలింది. ఎందుకంటే అది తనకు తెలుసు.

ఉదయగిరిలో ఆమె తండ్రి గోవిందయ్య కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కుతాడు. కొండ కొయ్య ఎంత మంచిదైనా ఒక్కోసారి పగులుతుంది. పగిలిన గరిటెను ఆయన వజ్రంతో అతికించడు. మరిగే పులుసులో పెడితే ఒక్క పూటకు ఊడిపోతుంది. మీగడ తీసిన పాలు విరగ్గొట్టి, ఆ గడ్డను కడిగి, నీరంతా పిండి, కొత్త సున్నంతో కలిపి రాతి మీద వెన్నలాగా నూరి దానితో అతికిస్తాడు. ఆ నూరడం పెంచలమ్మ పని. పెళ్లయ్యేదాకా ఆమె చేతి గోళ్లలో సున్నం పోలేదు.

ఆ సంగతి ఆమె జనార్దనయ్యకు చెప్పాలనే చూసింది. పడవ మొదలుపెట్టిన కొత్తలో, గడప ఇవతల నిలబడి, మా నాయన దగ్గర ఒక బంక ఉండాదని మొదలుపెట్టింది. ఆయన ఉలి మీద నుంచి తల ఎత్తలేదు. "ఇది గరిటె కాదు, పడవ," అన్నాడు. ఆమె ఆ రోజు మూసిన నోరు మళ్లీ తెరవలేదు.

ఇప్పుడు తెరిచింది. రోశమ్మ చివరిదాకా విని, అయితే ఆ పాలూ సున్నమూ ఎంతెంతో చెప్పు, నేను చేసి చూపిస్తాను అన్నది.

"చెపితే నువ్వు చేస్తావు. నువ్వు చేస్తే అది నువ్వు చేసిందే అవతాది."

అని పెంచలమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కొట్టం గడప దాటింది.

లోపల ఏమీ కాలేదు. చెక్కపొట్టు కాళ్ల కింద మెత్తగా తగిలింది. ఇన్నాళ్లూ గడప నుంచి ముక్కు వైపే చూసింది గాని, పడవ పొడుగు ఆమెకు ఇప్పుడే తెలిసింది. అచ్చుల మీద బోర్లా ఉన్న ఆ పొట్ట మీద చెయ్యి ఆనిస్తే ఎక్కడా అతుకు తగల్లేదు. ఇంత నున్నగా చేయగల మనిషి తన ఇంట్లోనే ఉన్నాడా అనుకుంది. అంతలోనే, ఈ నునుపు మీద ముందుగా పడిన చెయ్యి తనది కాదని గుర్తొచ్చింది.

పక్కకు ఇరవై నాలుగు చొప్పున నలభై ఎనిమిది బద్దలు. అన్నీ విప్పాలన్నది పెంచలమ్మ. రోశమ్మ పొయ్యిలోంచి ఒక బొగ్గు తెచ్చి, పడవ పొడుగునా ఒక గీత గీసింది. ఒక మనిషి కూర్చుంటే నీళ్లు అక్కడిదాకే వస్తాయి. ఆ పైన ఉన్న అతుకు తడిసేది కాదు. గీతకు నీళ్ల వైపు పక్కకు పదే ఉన్నాయి. మళ్లీ ఆమె మాటే సరైనది. పెంచలమ్మ పళ్లు బిగబట్టి, సరే పది అన్నది.

విప్పడానికి దారి మాత్రం పెంచలమ్మే చూపించింది. నీళ్లకు ఊడే బంకను నీళ్లతోనే ఊడదీయాలి. మరిగే నీళ్లలో గుడ్డలు ముంచి అతుకు పొడుగునా పరిచి, వజ్రం మెత్తబడ్డాక పలుచటి కత్తి దూర్చితే బద్ద పూచికపుల్లలాగా చేతికి వచ్చింది. ఏది ఎక్కడిదో కలిసిపోకుండా రోశమ్మ ఒక్కోదానికీ బొగ్గుతో గుర్తు పెట్టి గోడకు వరసగా ఆనించింది. పక్కింటివాళ్లు తోడుకు పెట్టబోతున్న పాలు రెండు శేర్లు పెంచలమ్మ తెచ్చింది. మీగడ తీసి, విరగ్గొట్టి, కడిగి, పిండి, సున్నంతో నూరింది. మొదటిసారి అలవాటు తప్పి సున్నం ఎక్కువ పడింది. బద్దకు రాసేలోపల గిన్నెలోనే రాయి అయిపోయింది. రోశమ్మ దాన్ని గోటితో కొట్టి చూసింది.

"ఇది పడవకు కాదు మే, చెరువు తూముకు పనికొస్తాది."

పెంచలమ్మకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయింది. నవ్వాక తన మీద తనకే కోపం వచ్చింది. జనార్దనయ్య ఎందుకు నవ్వుతాడో అప్పుడు అర్థమైంది, అర్థం కావడం ఆమెకు ఇష్టం లేదు.

రెండోసారి కుదిరింది. ఆ బంకతో వచ్చిన చిక్కేమిటంటే, అన్నం ఒక ఉడుకు వచ్చినంతసేపే అది మెత్తగా ఉంటుంది. ఈ లోపల రాయాలి, బద్దను వంచి అంచుకు అంచు కలపాలి, తాళ్లు బిగించేదాకా రెండు కొనలా ఇద్దరు మనుషులు అరచేతులతో నొక్కి పట్టుకోవాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. మధ్యాహ్నం దాటేసరికి ఎడమ పక్క పదీ విప్పి గోడకు ఆనించారు. అందులో రెండింటిని కొత్త బంకతో కలిపి తాళ్లు బిగించారు. మూడో దానికి బంక రాసి, వంచి, పెంచలమ్మ ముక్కు వైపు, రోశమ్మ తోక వైపు నొక్కి పట్టుకుని ఉండగా పెరటి తలుపు చప్పుడైంది.

రేపు రావలసిన జనార్దనయ్య. దారిలో వాగు పొంగి బస్సు సగంలోనే వెనక్కి మళ్లిందట. చేతిలో కాన్వాసు లేదు. కాళ్లకు మోకాళ్లదాకా బురద. గడప దగ్గర ఆగి లోపలికి చూశాడు. గోడకు ఆనించిన బద్దలు చూశాడు. పక్కటెముకలు తేలిన పడవను చూశాడు.

"ఎవరు విప్పింది?"

రోశమ్మ తన కొన వదిలి ముందుకు వచ్చింది.

"నేనే."

పెంచలమ్మ ఆయన మొహమే చూస్తోంది. కోపం వస్తుందనుకుంది. రావాలని కోరుకుంది. ఆయన భుజం మీది సంచి దించి, దుంగ మీద కూలబడి, బురద చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"నువ్వు విప్పినావంటే కారణం లేకుండా ఉండదు. చెప్పక్కా."

ఆయన మొహం రోశమ్మ వైపే ఉంది. ఇంటి ఆడది గడప దాటి, మోచేతులదాకా సున్నంతో తన పడవను పట్టుకుని నిలబడి ఉన్నదన్న సంగతి ఆయన కంటికి ఆననే లేదు.

రోశమ్మ చెప్పడం మొదలుపెట్టింది. తన కుండలో ముక్క విడిపోయిందనీ, చూసి కంగారుపడి వచ్చాననీ. ఒక్క అబద్ధం లేదు, పెంచలమ్మ పేరూ లేదు. ఊరుకుంటే చాలు. పడవ నిలబడుతుంది, ఆయన బతుకుతాడు, పొయ్యిలో కాలిన ముక్కల బూడిద ఎవరూ తవ్వరు. ఈ బంక మాత్రం రోశమ్మది అవుతుంది. ఆయన రేపటినుంచి బంక సంగతి కూడా ఆమెనే అడుగుతాడు. బంక నాదని చెప్పాలంటే, బూడిద కూడా నాదేనని చెప్పాలి.

"ఆమె కాదు," అన్నది పెంచలమ్మ.

ఆయన తిరిగాడు.

"విప్పించింది నేను. కలపతా ఉండేది నేను. మంగళవారం నీ గోలెంలో ముక్క ఇడిపోతే దాన్ని పొయ్యిలో పెట్టి, కిటికీలోది తెచ్చి వేసింది గూడా నేనే."

రోశమ్మ కళ్లు మూసుకుంది. జనార్దనయ్య దుంగ మీద నుంచి మెల్లగా లేచాడు. ఆయన చూపు పెంచలమ్మ మొహం మీద నుంచి ఆమె పాదాల మీదికి, పాదాల కింద ఉన్న చెక్కపొట్టు మీదికి దిగింది.

పెంచలమ్మ కదలడానికి లేదు. ముక్కు వైపు బద్ద ఆమె రెండు అరచేతుల కింద ఉంది, బంక బిగుసుకుంటోంది. రోశమ్మ వదిలేసిన తోక వైపు కొనను ఇప్పుడు ఎవరూ పట్టుకోలేదు. వంచిన కొయ్య ఊరుకోదు. ఆ కొన అంచు నుంచి ఊడి, వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి, పైకి లేస్తోంది. దానికి అందరికన్నా దగ్గరగా నిలబడి ఉన్నది జనార్దనయ్యే.

"ఆ కొన పట్టుకో," అన్నది పెంచలమ్మ ఆయనతో.